పాత పైపు పీకడానికి అరవై నాలుగు రోజులు

ట్రాంబోన్ అనే బాకాలో మౌత్‌పీసు (ఊదే మూతి) దూరే చిన్న గొట్టం లీడ్‌పైపు. దాన్ని మార్చడం రెండు నిమిషాల పని అని నేను చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. అబద్ధం కాదు. కొత్తది దూర్చడం రెండు నిమిషాల పనే. పాతది బయటికి రావడానికి మాత్రం నాకు అరవై నాలుగు రోజులు పట్టింది. 2024 జులై 6న మొదలుపెడితే సెప్టెంబరు 8న ఊడింది. కొత్తవాటిలో ఏది ఉంచుకోవాలో తేలేసరికి దసరా వెళ్ళిపోయింది. హైదరాబాదులో ఉండి చిన్న బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ట్రాంబోన్‌కి పైపు మార్పిద్దామనుకునేవాళ్ళు మహా అయితే పదిమంది ఉంటారేమో. వాళ్ళ కోసం, ఏ రోజు ఏమైందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాది యమహా వైఎస్ఎల్ 354. 2016లో ఒక స్కూలు బ్యాండు మాస్టారి దగ్గర 32,000కి కొన్నాను. బోర్ 12.7 మిల్లీమీటర్లు, అంగుళాల్లో సరిగ్గా అర, .500 అని రాస్తారు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దీన్ని మర్చిపోయే నేను పదిహేను వేలు తగలేశాను. పగలు రైల్వే ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రాలు సికింద్రాబాదులో మా చర్చి బ్రాస్ గ్రూపులో ఊదుడు.

జూన్ 30 ఆదివారం మధ్యాహ్నం స్లైడు, అంటే స్వరం మార్చడానికి ముందుకీ వెనక్కీ జరిపే గొట్టాల జత, కడుగుతున్నాను. నెలనెలా కడిగేవాణ్ణనుకునేరు, ఎనిమిదేళ్ళలో అది నాలుగోసారి. మౌత్‌పీసు దూర్చే కన్నంలోకి ఫోను లైటు వేసి చూశాను. పసుపుపచ్చగా ఉండాల్సిన చోట గులాబీ రంగు మచ్చలు, తట్టు పోసిన పిల్లాడి వీపులా. ఇయర్ బడ్ పెట్టి రుద్దితే గరుకు, దూది పోగులు లోపలే చిక్కుకున్నాయి. ఇత్తడిలోంచి జింకు పోయి రాగి మిగిలిపోతే ఇలా అవుతుంది. రెడ్ రాట్ అంటారు. ప్రాక్టీసు మధ్యలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తిని నోరు పుక్కిలించకుండా ఊదినందుకు ఫలితం. పాపమంతా నాదే.

లీడ్‌పైపు అంటే స్లైడు పైగొట్టంలో దాక్కుని ఉండే జానెడు పొడవు గొట్టం. మౌత్‌పీసు దూరేది అందులోకే. పైన కాస్త దూరం పోయాక గొంతులా ఇరుకై, అక్కణ్ణించి మెల్లగా విచ్చుకుంటూ స్లైడు గొట్టంలో కలిసిపోతుంది. ఆ గొంతు దగ్గరే నా పైపు ఎక్కువ పుచ్చింది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. రెండేళ్ళుగా పైన ఎఫ్, అదే బేస్ క్లెఫ్‌లో రెండో అదనపు గీతకి పైనుండే ఎఫ్ స్వరం, ఎప్పుడూ శ్రుతి మించి పైకి పోతోంది. దానిపైన బి ఫ్లాట్ దాని ఇష్టం, వస్తే వస్తుంది లేకపోతే లేదు. నలభై ఏడేళ్ళొచ్చాయి, పెదవి అయిపోయింది అని సరిపెట్టుకుంటున్నాను. ఇప్పుడు తప్పు మొయ్యడానికి ఒక గొట్టం దొరికింది.

జులై 6 శనివారం సిటీలో ఒక వాయిద్యాల కొట్టుకి తీసుకెళ్ళాను. పేరొద్దు. కౌంటర్లో ఆయన "పది నిమిషాల పని సార్" అన్నాడు, లోపల కుర్రాడికిచ్చాడు. పైపుని పైన టంకంతో అతికిస్తారు, ఆ టంకం సుమారు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతవరకూ వేడి చేసి లాగాలి. మరి ఆ స్లైడు రెండు గొట్టాలనీ కలిపి పట్టుకునే అడ్డకమ్మీ కూడా టంకంతోనే అతికి ఉంటుంది కదా, దానికి తడిగుడ్డ చుట్టాలి. ఇప్పుడు తెలుసు నాకు. కుర్రాడికి అప్పుడు తెలియదు, నాకూ తెలియదు. నీలంమంట పెట్టాడు, పట్టకారుతో లాగాడు, మళ్ళీ మంట పెట్టాడు. పైపు కదల్లేదు. అడ్డకమ్మీ దగ్గర మాత్రం వెండిలా మెరిసే టంకం చుక్క ఒకటి కరిగి జారింది. అది నా కళ్ళముందే జారింది. "ఆపు బాబూ" అనడానికి నాకు నోరు రాలేదు.

చల్లారాక బయటి స్లైడు ఎక్కిస్తే నాలుగో పొజిషన్ దాకా, అంటే సగం దూరం, పోయి కర్రుమని ఆగిపోయింది. లోపలి గొట్టాలు రెండూ సమాంతరంగా లేకుండా పోయాయి. "ఆయిల్ వేస్తే సెట్ అయిపోతుంది సార్" అని 1,200 అడిగాడు. ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలీదు. స్కూటరు మీద సంగీత్ చౌరస్తా దాకా వచ్చాక కోపమొచ్చింది, అప్పటికి ఏం లాభం.

ఇంట్లో మా ఆవిడ చూసి, "ఏవండీ, పొద్దున పోయేటప్పుడు మోగుతూనే ఉంది కదా?" అంది. ఒక్క మాటే అంది. రెండు రోజులు గుచ్చుకుంది.

మా చర్చికి క్రిస్మస్ ఊరేగింపులో వాయించడానికొచ్చే బ్యాండు మేళం మేస్త్రి పాతబస్తీలో ఒక చాచా గురించి చెప్పాడు. మదీనా బిల్డింగు దాటి లోపలికి పోతే గల్లీ, గల్లీలో మూడు గజాల వెడల్పు దుకాణం. జులై 13న పోయాను. గోడ నిండా సొట్టలు పడ్డ యూఫోనియంలు, ట్రంపెట్లు, గరాటా ఊడిన సూసాఫోన్ అనే పెద్ద బాకా ఒకటి గుమ్మంలోనే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి మేళాల వాళ్ళంతా రిపేర్లకి అప్పుడే తెస్తారట. పైగా బోనాలు. చాచా నా స్లైడుని చేతిలోకి కూడా తీసుకోలేదు, దూరం నుంచే చూసి, "ఎవడు చేసిండు ఇది?" అన్నాడు. చెప్పాను. "లాల్‌దర్వాజా బోనాలు అయినంక రా."

ఇక్కడొక మాట. నా ట్రాంబోన్ జపాన్ సరుకు అని చెప్తే పొంగిపోతాడనుకున్నాను. అతని చేతిలోకొచ్చే వాటిలో నూటికి తొంభై, బ్యాండు వాయిద్యాలు తయారయ్యే మీరట్ జాలీ కోఠీవి. "మీరట్ మాల్ నయం సార్, ఏది ఎట్ల అతికిచ్చిండ్రో నాకెర్కె" అన్నాడు.

ఆ రాత్రే పైపులు ఆర్డరు పెట్టాను. ఇక్కడ దొరకవు, అమెరికాలో చిన్నచిన్న తయారీదారులు చేస్తారు. ఏది తీసుకోవాలో తేల్చుకోవడమే ఒక చదువు. షైర్స్ వాళ్ళ పైపులకి 1, 2, 3 అని అంకెలుంటాయి, 1 ఇరుకు, 3 వెడల్పు. ఇంకొకరి అంకెలకీ వీళ్ళ అంకెలకీ పొంతన ఉండదు. పైగా లోహాలు: పచ్చ ఇత్తడి, ఎర్ర ఇత్తడి, నికెల్, స్టెర్లింగ్ వెండి. దేని గురించి చదివినా "వెచ్చని ధ్వని", "మెరిసే ధ్వని". జున్ను గురించి రాసినట్టే ఉంది. చివరికి మూడు ఎంచాను. పచ్చ ఇత్తడిలో ఇరుకు గొంతుది 88 డాలర్లు, వెండిలో వెడల్పుది 165, ఈ రెండూ డాలస్‌లో మా మేనల్లుడి ఇంటికి. ఎర్ర ఇత్తడి మధ్యరకం 92, దాని కొట్టువాళ్ళు నేరుగా ఇండియాకి పంపుతామన్నారు కాబట్టి కొరియర్లో, 38 డాలర్ల ఖర్చుతో.

కొరియరుది పెద్ద కథ. జులై 24న మెసేజి: మీ పార్సిలు కస్టమ్స్‌లో ఆగింది, కేవైసీ పెట్టండి. ఆధార్ పెట్టాను. రెండు రోజుల తర్వాత ఫోను. అమ్మాయి మర్యాదగానే అడిగింది, "సార్, లెడ్ పైప్ అని ఉంది. సీసమా సార్? సీసం అయితే వేరే డిక్లరేషన్ కావాలి." ఇంగ్లీషులో దారి చూపే లీడ్‌కీ, సీసానికీ ఒకటే స్పెల్లింగు. ఆ నాలుగక్షరాలు నా పార్సిల్ని ఇంకో పదకొండు రోజులు ఆపాయి. ట్రాంబోన్ ఫోటో తీసి, బాణం గుర్తు వేసి, ఇది ఇత్తడి, ఇది సంగీత వాయిద్యంలో భాగం, ఇందులో నీళ్ళు పారవు అని ఉత్తరం రాసి పెట్టాను. ఆగస్టు 6న వచ్చింది. సుంకం, కొరియర్ వాళ్ళ చార్జీలు కలిపి 4,870. మీరు తెప్పించుకుంటే బిల్లు మీద "మౌత్‌పైపు" అని రాయమనండి, దాని రెండో పేరు అదే.

మేనల్లుడు ఆగస్టు 12న స్నేహితుడి పెళ్ళికొచ్చాడు. రెండు పైపులూ సాక్సుల్లో చుట్టి తెచ్చాడు. శంషాబాదులో ఎవరూ అడగలేదు గానీ, డాలస్‌లో సెక్యూరిటీ వాళ్ళు బ్యాగు విప్పించి చూశారట. "మామయ్యా, ఈ గొట్టం 165 డాలర్లా? మధ్యలో ఏమైనా ఉందా?" అని ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ఏమీ లేదు. కొన్నదే ఆ ఖాళీ కోసం అని చెప్తే నవ్వుతాడని చెప్పలేదు.

ఈలోగా ఆగస్టు 3న చాచా స్లైడు పట్టుకున్నాడు. అతని పనితనం దగ్గరనుంచి చూడ్డం ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన సుఖం. బల్ల మీద అరంగుళం మందం అద్దం పలక ఒకటుంది, అంచులు విరిగి, మధ్యలో మాత్రం నున్నగా. లోపలి గొట్టాల జతని దాని మీద పడుకోబెట్టాడు. ఒక కొస దగ్గర వేలితో నొక్కితే ఇంకో కొస టక్కుమని లేచింది. గొట్టం కింద, అద్దానికీ దానికీ మధ్య సన్నటి వెలుతురు గీత. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ఆ సందులో పెట్టి లాగాడు, జారి వచ్చేసింది. అడ్డకమ్మీ టంకం కరిగించి, గొట్టాలు వాటంతటవి కూర్చునేదాకా చెయ్యి పెట్టకుండా ఆగి, అప్పుడు అతికించాడు. మళ్ళీ కాగితం పెట్టాడు. ఈసారి నాలుగు చోట్లా చిరిగింది గానీ జారలేదు. 2,000 తీసుకున్నాడు. నేను కొన్నప్పుడు కూడా ఆ స్లైడు అంత తేలిగ్గా లేదు.

పైపు మాత్రం పీకనన్నాడు. "కొత్తది చేతిల లేకుంట పాతది పీకద్దు సార్. పెండ్లి సంబంధం లెక్క." ఆగస్టు 17న మూడూ పట్టుకుని పోతే శ్రావణం పెళ్ళిళ్ళ రద్దీ. 24న రమ్మన్నాడు.

24న జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. పైపు మూతిలోకి మరలు కోసే ట్యాప్ ఒకటి తిప్పి బిగించాడు, ట్యాప్‌ని వైస్‌లో పట్టించాడు, గొట్టాలకి తడి గోనె చుట్టి పైన మంట పెట్టాడు. టంకం మెరిసింది. "ఇప్పుడు" అని స్లైడుని మెల్లగా వెనక్కి లాగాడు. వచ్చింది. ఇద్దరం ఊపిరి వదిలాం. చూస్తే ట్యాప్‌తో పాటు వచ్చింది అంగుళం ముక్క. పుచ్చిన చోట తెగిపోయింది, మిగతా ఏడంగుళాలూ లోపలే. సున్నం పేరుకుపోయి గొట్టానికి కరుచుకుంది. చాచా ఏమీ అనలేదు. మంట ఆర్పేసి ఆ ముక్కని నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది.

ఇక వెనక్కి పోయే దారి లేదు. పాత పైపు లేదు, కొత్తది పోదు.

నా కష్టం విని సలహా ఇచ్చింది మా చర్చి పాటల గ్రూపులో టెనర్ పాడే ఒక అంకుల్. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. స్లైడు గొట్టం నిటారుగానే ఉంది కదా, పైనుంచి లాగడమెందుకు, కింది కొసనుంచి కడ్డీ పెట్టి తోస్తే పోలా, అన్నారు. ముందు వెర్నియర్‌తో గొట్టం కొలిచారు: 12.7. తర్వాత మూడు కొత్త పైపులూ కొలిచారు. పచ్చది సరే, వెండిది సరే. ఎర్రదాని దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు.

"నాయనా, ఇది 12.9 కొస్తోంది. ఇది నీ దాన్లోకి పోదు."

బిల్లు తీసి చూశాను. "స్మాల్ బోర్, .508" అని స్పష్టంగా ఉంది. స్మాల్ బోర్ అన్న మాట చూసి కొనేశాను, పక్కనున్న అంకె చూడలేదు. కింగ్ 3బి లాంటి ట్రాంబోన్లు .508. నాది .500. తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. కస్టమ్స్‌కి ఉత్తరాలు రాసి మరీ తెప్పించుకున్నది ఇదే. లేతు మిషన్ మీద తగ్గిద్దామా అంటే అంకుల్ గోరుతో దాని అంచు మీటి చూపించారు, రేకులా ఉంది. "ఇక్కడ తీయడానికి ఏముంది?" నవంబరులో చెన్నైలో ఒకాయనకి 7,000కి అమ్మాను.

అంకుల్ ఆగస్టు 31న కడ్డీ చేశారు. పైపు లోపలికి దూరే మొన 12 మిల్లీమీటర్లు, దాని వెనక భుజం 12.5, ఆ భుజం పైపు అంచుకి ఆనుకుని తోస్తుంది. మర్నాడే పని అనుకున్నాం. ఆ రాత్రి వాన. కేసముద్రం దగ్గర ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయింది, సెప్టెంబరు 1 నుంచి ఆ దారి రైళ్ళన్నీ రద్దు, మళ్ళింపు. మా ఆఫీసులో ఎవరికీ సెలవు లేదు. లైను బాగయ్యేదాకా నేను ఇంటికొచ్చి నిద్రపోవడమే గగనం, ట్రాంబోన్ ఎక్కడ గుర్తుంటుంది.

సెప్టెంబరు 8, వినాయక చవితి మర్నాడు, ఆదివారం. అంకుల్ని స్కూటరు మీద ఎక్కించుకుని పాతబస్తీకి పోయాను. ఆయన చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన కడ్డీ. చాచా కడ్డీని వెలుతురులో తిప్పి చూసి, "ఏం పనితనం అంకుల్" అన్నాడు, ఆయన మురిసిపోయారు. నాలుగు రోజులుగా చాచా ఆ గొట్టంలో వెనిగర్ నింపి పెట్టాడట. తడి గోనె, మంట, కడ్డీ. అంకుల్ చెక్క సుత్తితో ఒకసారి తట్టారు. రెండోసారి. మూడో దెబ్బకి శబ్దం మారింది, గంట పగిలినట్టు. నాలుగోదానికి పైపు సర్రున జారి నేల మీద పడి దొర్లుకుంటూ సూసాఫోన్ కిందికి పోయింది.

ముగ్గురం వంగి వెతికాం. దొరికాక చూస్తే ఒకపక్క మూడు సూదిమొన కన్నాలు, లోపలంతా తెల్లటి సున్నం పొర. చాచా వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. 1,500 తీసుకున్నాడు, చాయ్ తెప్పించాడు. అంకుల్ డబ్బులు ముట్టలేదు, కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా ఇస్తే మాత్రం పిల్లలున్నారని తీసుకున్నారు.

ఆ రాత్రి పదింటికి పచ్చ ఇత్తడి పైపు దూర్చి, మ్యూట్ పెట్టుకుని ఊదాను. పైన ఎఫ్ మెట్టు ఎక్కినట్టు ఠక్కున కూర్చుంది. శ్రుతి చూపే ట్యూనర్లో పాత పైపుతో ఇరవై సెంట్లు (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు) పైకి చూపించేది ఎనిమిదికి దిగింది. బి ఫ్లాట్ వచ్చింది. మళ్ళీ ఊదాను, మళ్ళీ వచ్చింది. మా ఆవిడ తలుపు తీసి టైము చూపించింది.

మర్నాడు వెండిది. దాని మీద నాకు చాలా ఆశ. ఊదితే తడిగుడ్డ కప్పినట్టుంది. కింది స్వరాలు వెడల్పుగా వస్తున్నాయి గానీ చివరలు తడబడుతున్నాయి, పైకి పోతే గాలి ఎక్కడికో పోతోంది. నోట్‌బుక్ పెట్టాను. పన్నెండు రోజులు, రోజుకి ఒకటి మార్చి ఒకటి, అవే స్కేళ్ళు, అదే 6½ఏఎల్ మౌత్‌పీసు. "వెండి: మందం. బద్ధకం. వయసైన గొంతు." ఇలాంటి కవిత్వం ఆరు పేజీలు రాశాను. పచ్చదాని కంటే దాదాపు రెండింతలు ఖరీదైన గొట్టాన్ని తిట్టడంలో ఒక తృప్తి ఉంటుంది కూడా.

సెప్టెంబరు 22న ప్రాక్టీసులో పక్క కుర్చీ ట్రంపెట్ బ్రదర్ ఊదడం ఆపి, "నీ దగ్గర ఏదో బుస్సుమంటోంది చూడు" అన్నాడు. నేను వినలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోమే విమ్ నీళ్ళు చేసి, పైపు అంచు చుట్టూ వేలితో రాసి, స్లైడు కొసలు మూసి ఊదాను. ఒకపక్క చీమ తలంత బుడగ పుట్టింది, పగిలింది, ఇంకోటి పుట్టింది.

కొత్త పైపుల్ని టంకంతో అతికించరు, బిగుతుకే ఆగుతాయి. నా గొట్టం పైకొస లోపల పాత టంకం బొడిపె ఒకటి మిగిలిపోయింది. పచ్చది దాన్ని దాటుకుని కూర్చుంది. వెండిది వెంట్రుకవాసి లావు, బొడిపె మీద ఎక్కి ఒకపక్కకి ఒరిగింది. ఆ సందులోంచి గాలి. నేను పన్నెండు రోజులు వెండిని తిట్టలేదు, కారే గొట్టాన్ని తిట్టాను.

హార్డ్‌వేర్ కొట్లో 20 రూపాయల టెఫ్లాన్ టేపు, నల్లాలకి చుట్టేది. బొడిపెని సన్న ఎమెరీ కాగితంతో అరగదీసి, పైపు మూతికి ఒకటిన్నర చుట్టు. బుడగ లేదు. వెండి పైపు లేచి కూర్చుంది. ఆరు పేజీలూ అడ్డంగా కొట్టేశాను.

ఇంకో సంగతి దాని వెంటే బయటపడింది. మౌత్‌పీసు మీద పెన్సిల్ గీత గీసి చూస్తే పచ్చదాంట్లో 22 మిల్లీమీటర్లు లోపలికి పోతోంది, వెండిదాంట్లో 27. మౌత్‌పీసు తోకకి (షాంక్ అంటారు) కాగితం చుట్టి వెండిదాంట్లో కూడా 23 దగ్గర ఆపితే, పైన ఎఫ్ ఇంచుమించు పచ్చదానిలాగే కూర్చుంది. అంటే నేను లోహం గుణమనుకున్నదాంట్లో కొంత కారడం, కొంత మౌత్‌పీసు లోతు. మిగిలింది ఎంతో చూద్దామని దసరా మర్నాడు, అక్టోబరు 13న, మా పాపని కూర్చోబెట్టాను. తొమ్మిదో క్లాసు. గోడ వైపు తిరిగి కూర్చోమని, పదిసార్లు ఊది, ఏది ఏదో చెప్పమన్నాను. ఆరు సరిగ్గా చెప్పింది. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అన్నే వస్తాయి. నేను చిన్నబుచ్చుకున్నానని చూసి, "కానీ నాన్నా, ఒకదాంట్లో నువ్వు తప్పులు తక్కువ చేస్తున్నావ్" అంది.

ఎందులో అని అడిగితే ఆమె చెప్పిన నంబర్లన్నీ పచ్చవే.

దాంతో నాకు తేలిపోయింది. గది అవతలి చెవికి రెండూ ఒకటే. తేడా అంతా మౌత్‌పీసుకి ఇవతల, నా మొహంలో. వెడల్పు గొంతు పైపు గాలి ఎంతిచ్చినా తాగుతుంది. గంట ఊదాక నా పెదవి చచ్చిపోతోంది. ఇరుకుది నన్ను ఎదిరిస్తుంది, ఆనుకోవడానికి గోడ దొరికినట్టు. కింద ఎఫ్ (F), ఈ (E) స్వరాలు కొంచెం పల్చబడ్డాయి, అది నిజం. మా గ్రూపులో అవి నాకు వచ్చేది ఎప్పుడో. పెద్ద పెదవి, పెద్ద ఊపిరి ఉన్నవాళ్ళకి ఇది తలకిందులు కావచ్చు.

లెక్క: పైపులు, కొరియరు, సుంకం, పాడుచేసినవాడు, బాగుచేసినవాడు అందరూ కలిపి 42,000 చిల్లర. చెన్నై ఆయన ఇచ్చింది తీసేస్తే 35,000. బాకా కొన్నది 32,000కి. మా ఆవిడకి ఈ లెక్క నేను చెప్పలేదు, ఆమే వేసింది.

డిసెంబరు 14న కేరల్ రౌండ్స్, అంటే ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడడం, మొదలయ్యాయి. రెండో రోజు రాత్రి పదకొండున్నర, వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక ఇంటి వరండా, చలి. పాట అయ్యాక కేకు తినడానికి మౌత్‌పీసు లాగాను. మౌత్‌పీసుతో పాటు జానెడు లీడ్‌పైపు కూడా బయటికొచ్చేసింది, టెఫ్లాన్ పోగు వేలాడుతూ. ఆ ఇంటి చిన్నపిల్లాడు పెద్దగా నవ్వి, "అంకుల్, మీ బాజా పేగులు వచ్చినయ్" అన్నాడు. మళ్ళీ దూర్చి వాయించాను. ఆ వారంలో అలా ఇంకో మూడుసార్లు వచ్చింది. మరలున్న కాలర్ వేయించుకుంటే ఈ బాధ ఉండదంటారు, దానికి మళ్ళీ కోత, మళ్ళీ లేతు. మార్చాలన్న కోరికే లేనప్పుడు మార్చే ఏర్పాటెందుకు?

2025 జనవరి 5 ఆదివారం చాచా దగ్గరికి పోయి, ఆ పచ్చ పైపుని టంకం పెట్టి అతికించెయ్యమన్నాను.

చాచా చాలాసేపు నవ్వాడు. "అరవై దినాలు తిరిగి పీకించుకుంటివి. ఇప్పుడు మళ్ళ అతికిస్తవా?"

పెట్టాడు. మంట పది సెకన్లు కూడా లేదు. చూస్తే చుట్టూ పొయ్యలేదు, ఒకపక్క ఆవగింజంత చుక్క. ఇంతేనా అన్నాను.

"చుక్కనే చాలు. నువ్వు మళ్ళొస్తవ్, నాకెర్కె."

మూడొందలు తీసుకున్నాడు. వెండిది ఇంకా కేసులోనే ఉంది, మేనల్లుడు తెచ్చిన సాక్సులో.